టార్కటా దగ్గర ఇరవై నిమిషాలు

రాత్రి ఒంటిగంటకి టార్కటాలో బళ్లు మార్చుకుంటాం.
మెల్‌బోర్న్ నుంచి నేను లాక్కొచ్చిన ట్రైలర్ లువాంగ్‌కి,
సిడ్నీ నుంచి అతను తెచ్చింది నాకు.
తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లం.
మధ్యలో ఇరవై నిమిషాలు,
మా కొట్లాటంతా అందులోనే.

"మీ ఊళ్లో తిండేముంది నుహాద్" అంటాడు
డీజిల్ చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.
"కబ్రమట్టాలో ఒక్క సందు చాలు,
మీ ఊరు మొత్తం వచ్చి విస్తరెత్తాలి."

నేనూరుకుంటానా?
ఫుట్‌స్క్రేలో రైలు దిగి
చేతిలో సిగరెట్ అయిపోయేలోపు
రెండు వియత్నాంలు, మూడు ఇథియోపియాలు, ఒక సూడాన్ దాటతానంటాను.
రొట్టెల కోసం సిడ్నీ రోడ్డుకి పోతానంటాను.
"చూశావా, పేరు కూడా మాదే" అని పడీ పడీ నవ్వుతాడు.

మాటలతో తేలక సాక్ష్యాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాం.
అతని ఫ్లాస్కులో నూడుల్స్ ఉబ్బి ఉబ్బి
పులుసంతా తామే తాగేసేవి.
నా కబాబులు రేకు కాగితంలో చెమట పట్టి
చెప్పు అట్టల్లా తేలేవి.
నాలుగువందల పైచిలుకు కిలోమీటర్లు నలిగొచ్చిన ముద్ద
ఏ ఊరి పరువు నిలబెడుతుంది?
అయినా తినేవాళ్లం, వంకలు పెట్టుకుంటూ,
ఆఖరి మెతుకుదాకా.

ఒక సంగతి అతనికి ఇప్పటికీ చెప్పలేదు:
మా అమ్మ చేతి కిబ్బె
అమ్మ పోయాక నాకు మళ్లీ దొరికింది
పంచ్‌బౌల్‌లో, ఒక టైర్ల కొట్టు పక్కన.

ఇంజెరా దగ్గర మాత్రం గెలుపు నాదే.
బ్లాక్‌టౌన్ నుంచి అతను తెచ్చినది
నానిన అట్టముక్క. కళ్లు లేవు, పులుపు లేదు.
"నీళ్లు మంచివి కావట, ఓనరన్నాడు"
అని తల దించుకున్నాడు పాపం.

ఆ ఓనరు పేరు హబ్తోమ్ అని
మా లెతెబ్రహాన్ చెప్తేనే తెలిసింది.
ఆరోజు ఆవిడ బిల్లు పుచ్చుకోలేదు,
సీసా ఒకటి చేతిలో పెట్టింది.
"తమ్ముడు. మాటల్లేక ఆరేళ్లు.
నీళ్లకేం రోగం? వాడి పిండికి ప్రాణం లేదు.
ఇది చేర్పించు. నేనిచ్చానని మాత్రం చెప్పకు."
మరి ఎవరిచ్చారని చెప్పను?
"వాసన చూస్తాడులే."

మూత వదులుగా పెట్టి,
పక్క సీట్లో కూచోబెట్టి, బెల్టు కట్టాను.
ఆల్బరీ వంతెన మీద బుస్సుమంది.
క్యాబిన్ నిండా పులిసిన పిండి వాసన.
ఇది చేరిందంటే సిడ్నీ గెలిచినట్టే.
హోల్‌బ్రుక్ దాటాక అద్దం దించాను,
చెయ్యి సీసా దాకా వెళ్లింది కూడా.
గాలి కోసమే అద్దం దించానని
నాకు నేనే చెప్పుకున్నాను.

"ఏంటిది?" అన్నాడు లువాంగ్.
"తోడు."
"ఎవరికి?"
ఏం చెప్పాలో తోచక
"పిండికి" అన్నాను.

మూడు వారాల తర్వాత
జాకెట్ లోపల పసిబిడ్డని దాచినట్టు
పొట్లం దాచి తెచ్చాడు.
విప్పితే, ఒళ్లంతా కళ్లు.
తుంచి నోట్లో పెట్టుకున్నాను.
ఫుట్‌స్క్రే. అచ్చంగా ఫుట్‌స్క్రే.
"ఒప్పుకో ఇంక" అన్నాడు.
"పులుపు ఒక్క రవ్వ తగ్గింది" అన్నాను,
ఇంకో ముక్క తుంచుతూ.

అప్పుడు రెండో పొట్లం తీశాడు.
ముడి మీద ముడి, దానిమీద టేపు.
"ఇది నీకు కాదట.
వాసన కనిపెట్టగానే హబ్తోమ్ వెనకింట్లోకి పోయి
చాలాసేపటి దాకా రాలేదు."

ఇరవై నిమిషాలు అయిపోయాయి.
గెలిచిందెవరో తేలకుండానే బండెక్కాను.
పొట్లం ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉంది.
పక్క సీట్లో పెట్టి
బెల్టు కట్టాను.